పొగ డ్రమ్ము కొనేముందు...

పండక్కి యాట తెగితే మిగిలిన కూరకు ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండబెట్టడం పల్లెల్లో పాత పద్ధతే. ఇంట్లో మాంసాన్ని పొగబెట్టుకునేందుకు చిన్న డ్రమ్ము కొనాలనుకునేవారు ధర కన్నా ముందు, అందులో ఇదివరకు ఏముండేదో అడగాలి. పురుగుమందుల డ్రమ్ము ఎంత కడిగినా పనికిరాదు. జింకు పూత రేకు బాగా కాలితే విషపు పొగ లేస్తుంది. పూత లేని ఇనుము, లేదా స్టీలు మేలు. మూత బిగువుగా ఉండాలి, గాలి చిల్లులు మూసి తెరిచే వీలుండాలి.

మూత మీటరు డ్రమ్ములోని గాలి వేడినే చెబుతుంది. అందుకే ముక్కలో గుచ్చి చూసే థర్మామీటరు కూడా తీసుకోవాలి. కోడిమాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. తుమ్మ, మామిడి, జామ ఎండుకట్టెలు వాడవచ్చు. రంగు చెక్క, ప్లైవుడ్ వద్దు. డ్రమ్మును ఆరుబయటే వెలిగించాలి. మూసిన గదిలో ఆ పొగ ప్రాణం తీస్తుంది. పొగ పట్టినంత మాత్రాన మాంసం నిల్వ ఉండదు. వెంటనే తినాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి.