నాలుగు పాయింట్ల కిరీటం: టామ్ ఆస్బోర్న్ ఆఖరి సీజన్

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి, చంకన ఇరికించుకుని పరిగెత్తి, ఎదుటివాళ్ల గీత దాటించాలి. కాలేజీ జట్లలో ఆడేది విద్యార్థులే కాబట్టి నాలుగైదేళ్లకోసారి ముఖాలన్నీ మారిపోతాయి. ఏళ్ల తరబడి నిలిచేది హెడ్ కోచ్. అందుకే ఆయన తప్పుకుంటున్నారన్న కబురు అక్కడ రాష్ట్రమంతటికీ పెద్ద వార్త. 1997 డిసెంబరులో నెబ్రాస్కా రాష్ట్రానికి ఆ వార్త అందింది.

టామ్ ఆస్బోర్న్ 1973లో నెబ్రాస్కా యూనివర్సిటీ జట్టు పగ్గాలు పట్టారు. అప్పటినుంచి ఏ సీజన్‌లోనూ 9కి తక్కువ మ్యాచ్‌లు గెలవలేదు. అయినా జాతీయ టైటిల్ చాలాకాలం చేతికందలేదు. 1984 జనవరిలో మయామీతో ఆరెంజ్ బౌల్ అనే సీజన్ ముగింపు మ్యాచ్ ఆఖరి నిమిషాలు. స్కోరు 31-30, నెబ్రాస్కా ఒక్క పాయింటు వెనక. బంతిని కాలితో కొట్టి ఒక పాయింటు తెచ్చుకుంటే మ్యాచ్ సమం, టైటిల్ దాదాపు ఖాయం. ఆస్బోర్న్ సమం చేయడానికి ఒప్పుకోలేదు. బంతిని మళ్లీ గీత దాటించే రెండు పాయింట్ల ప్రయత్నానికి వెళ్లారు, అది విఫలమైంది, టైటిల్ పోయింది. నా దృష్టిలో ఆయన గౌరవం ఆ రాత్రే పెరిగింది. టైటిళ్లు 1994లో, 1995లో వచ్చాయి.

ఇక 1997. నవంబరు 8న మిస్సోరీ మైదానంలో నెబ్రాస్కా 31-38తో వెనకబడి ఉంది. ఏడు సెకన్లు మిగిలాయి. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ఆటగాడు, స్కాట్ ఫ్రాస్ట్ విసిరిన బంతి షెవిన్ విగ్గిన్స్ దగ్గర చేజారింది. వెల్లకిలా పడిపోతున్న విగ్గిన్స్ కాలు తగిలి అది మళ్లీ గాల్లోకి లేచింది. వెనకనుంచి మొదటి ఏడాది కుర్రాడు మ్యాట్ డేవిసన్ ముందుకు దూకి, నేలకు తాకబోతుండగా అందుకున్నాడు. దాంతో స్కోరు సమమై, అదనపు సమయంలో నెబ్రాస్కా 45-38తో గెలిచింది.

గెలిచినా ర్యాంకు పడిపోయింది. ఇక్కడే ఆ కాలపు పద్ధతి తెలుసుకోవాలి. అప్పట్లో జాతీయ విజేతను తేల్చే ఫైనల్ లేదు. అసోసియేటెడ్ ప్రెస్ తరఫున క్రీడా విలేకరులు ఒక జాబితాకు, ఎంపిక చేసిన కోచ్‌లు మరో జాబితాకు ఓట్లేసేవారు. మిస్సోరీ మీద నెబ్రాస్కా అలా గట్టెక్కిన రోజే మిషిగన్ పెన్ స్టేట్‌ను 34-8తో చిత్తు చేసింది. విలేకరుల జాబితాలో మిషిగన్ ఒకటో స్థానానికి ఎగబాకితే, అప్పటిదాకా అక్కడున్న నెబ్రాస్కా మూడుకు జారింది. పోనీ ఇద్దరూ తలపడి తేల్చుకుందామంటే దారి లేదు. మిషిగన్ ఉన్న బిగ్ టెన్ సమాఖ్య తన విజేతను రోజ్ బౌల్ అనే మరో సీజన్ ముగింపు మ్యాచ్‌కే పంపాలి.

డిసెంబరు 10న ఆస్బోర్న్ విరమణ ప్రకటించారు. వయసు 60. 1985లో బైపాస్ ఆపరేషన్ అయింది, గుండె మళ్లీ ఇబ్బంది పెడుతోంది. వారసుడెవరో అప్పుడే తేలిపోయింది: ఆ యూనివర్సిటీకే ఆడి, 1979 నుంచి ఆయన దగ్గరే సహాయకుడిగా పనిచేసిన ఫ్రాంక్ సోలిచ్. అప్పటికి జట్టు పన్నెండు మ్యాచ్‌లూ గెలిచేసింది. కాబట్టి వీడ్కోలు ఆవేశమే ఈ సీజన్‌ను నడిపించిందనడం సరికాదు. ఆ ఆవేశానికి మిగిలింది ఒక్క మ్యాచే.

ఆ మ్యాచ్‌లో, జనవరి 2న, పేటన్ మ్యానింగ్ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన టెన్నెసీని 42-17తో ఓడించారు. అహ్మన్ గ్రీన్ ఒక్కడే 206 గజాలు పరిగెత్తాడు. ముందురోజు రోజ్ బౌల్‌లో మిషిగన్ 21-16తో గెలిచింది. మ్యాచ్ అవగానే ఫ్రాస్ట్, నెబ్రాస్కాకు ఓటేయమని కోచ్‌లకు బహిరంగంగా విజ్ఞప్తి చేశాడు.

విలేకరులు చలించలేదు. 70 ఓట్లలో 51.5 మిషిగన్‌కే. కోచ్‌ల ఓటింగ్‌లో మాత్రం నెబ్రాస్కాకు 1520 పాయింట్లు, మిషిగన్‌కు 1516. ఈ లెక్క విప్పి చూడాలి. ఓటేసిన కోచ్‌లు 62 మంది. మొదటి స్థానానికి 25 పాయింట్లు, రెండో స్థానానికి 24. నెబ్రాస్కాను 32 మంది మొదట పెట్టారు. మిగతా 30 మందీ రెండో స్థానం ఇస్తే సరిగ్గా 1520 వస్తుంది. అదే లెక్కన మిషిగన్‌కు 1518 రావాలి. రెండు తగ్గాయి. అంటే దాన్ని రెండుకంటే కింద పెట్టిన కోచ్ ఒకరో ఇద్దరో ఉన్నారన్నమాట. అయితే ఆ రెండు పాయింట్లూ కలిపినా నెబ్రాస్కాదే పైచేయి.

తోటి కోచ్ మీది అభిమానం ఓటులో కలవలేదని ఎవరూ రుజువు చేయలేరు. కానీ మూడో ర్యాంకు జట్టును 25 పాయింట్ల తేడాతో ఓడించిన జట్టుకు అది దయతో ఇచ్చిన బహుమానం అనలేం. ఓటమి ఎరుగని రెండు జట్లు టైటిల్ పంచుకోవడం నాకు న్యాయంగానే కనిపిస్తుంది. లోపం వాటిని ఎదురెదురుగా నిలబెట్టలేని ఏర్పాటుదే.

ఆస్బోర్న్ 255 విజయాలు, 49 ఓటములు, 3 డ్రాలతో తప్పుకున్నారు. ఆ మరుసటి సీజన్ నుంచే మొదటి రెండు జట్లనూ ఒకే మ్యాచ్‌లో దించే బీసీఎస్ పద్ధతి అమలైంది. నెబ్రాస్కా గెలిచిన చివరి జాతీయ టైటిల్ 1997దే.