చేతుల పగుళ్ళు – బట్టల సబ్బు చేసే పని



ఈ మధ్య ఓ.పి.కి ఒక తల్లి కొంగులో చేతులు దాచుకొని వచ్చింది. వేళ్ళ సందులు ఎర్రగా ఒరుసుకుపోయి, కణుపుల మీద పగుళ్ళు, అక్కడక్కడ నెత్తురు. "కుష్టేమోనని ఇంట్లో నాకు పళ్ళెం వేరు పెట్టారమ్మా" అని ఏడ్చింది. కుష్టు మచ్చలో స్పర్శ తగ్గుతుంది. ఈమె చేతులు ఉప్పు తగిలినా భగ్గున మండుతున్నాయి. డాక్టరుగారు చూసి, ఇది బట్టల సబ్బు వల్ల వచ్చింది, ఎవరికీ అంటదు అన్నారు. (కుష్టు అయినా పళ్ళెం వేరు పెట్టనక్కర లేదు. మందులతో పూర్తిగా నయమవుతుంది.)

మన చర్మం పైపొర కాగితం కన్నా పలుచన. దాన్నొక ఇటుకల గోడ అనుకోండి. ఎండిన కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వు సున్నం. లోపలి తడిని బయటికి పోనివ్వకుండా, బయటి మురికిని లోపలికి రానివ్వకుండా కాపాడేది ఈ గోడే. డిటర్జెంటు పని జిడ్డును నీళ్ళలో కలిపి తీసుకుపోవడం. గిన్నెకు అంటిన నూనె ఏదో, మన చర్మపు కొవ్వు ఏదో దానికి తెలియదు. పైగా కణాల్లోని మాంసకృత్తులను కూడా ఉబ్బించి పాడు చేస్తుంది. చర్మానిది కొంచెం పులుపు గుణం, పి.హెచ్. సుమారు 5. బట్టల సబ్బుది క్షారగుణం, 10 దాకా ఉంటుంది. ఉతికి లేచాక చేతులు బిగదీసినట్లు ఉండటం ఇందువల్లనే. రోజూ ఇలా జరిగితే సున్నం రాలిన గోడలో కారం, వెల్లుల్లి రసం, బ్లీచింగ్ అన్నీ దూరతాయి.

మన కొండాపురం, ఉదయగిరి వైపు చాలా బోర్లలో నీళ్ళు గట్టివి, నురగ సరిగా రాదు. నురగ కోసం ఇంకో గుప్పెడు పౌడరు వేస్తాం. పొగాకు కోసిన రోజుల్లో చేతుల జిగురు పోవాలని బట్టల సబ్బుతోనే గీకి గీకి రుద్దుతాం. దానికి బదులు ముందు కొబ్బరినూనె రాసి పాత గుడ్డతో తుడిచి, తర్వాత ఒంటిసబ్బుతో కడగండి. "మా అమ్మమ్మ కాలంలో ఈ బాధ లేదు" అనేవారికి ఒక మాట: చౌడుమట్టి కూడా క్షారమే.

అందరూ పొరపడేది ఒక్కచోట. వారం రోజులు ఆయింట్‌మెంటు రాసి, పగులు మూసుకోగానే మళ్ళీ బకెట్ దగ్గర కూర్చుంటారు. పైకి మానినా లోపల గోడ గట్టిపడటానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. ఆలోగా సబ్బు తగిలితే ముందుకన్నా త్వరగా పగులుతుంది. అందుచేత నెల రెండు నెలలు ఆ పని భర్త, ఎదిగిన పిల్లలు పంచుకోవాలి. భర్తలు వెంట వస్తే నేను ఎదురుగానే చెబుతాను. చీటీలో రాయలేని మందు అది.

తప్పనిసరైతే, నూలు తొడుగు మీద రబ్బరు తొడుగు వేసుకోండి. లోపల చెమట పట్టినా, నీళ్ళు దూరినా వెంటనే తీసేయండి. ఉంగరం తీసి పక్కన పెట్టండి, సబ్బు దాని కింద నిలిచిపోతుంది. చాలామందికి మొదటి మచ్చ అక్కడే వస్తుంది. పని కాగానే మంచినీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే వాసెలైన్ రాయండి. పడుకునేముందు మరికాస్త మందంగా. పగుళ్ళ మీద నిమ్మరసం మాత్రం వద్దు.

2020లో కోవిడ్ భయంతో బట్టల సబ్బుతో చేతులు కడిగి ఎందరో ఇలాగే బాధపడ్డారు. మా నర్సుల చేతులూ పగిలాయి. కంటికి మురికి కనబడనప్పుడు గ్లిజరిన్ కలిసిన హ్యాండ్‌రబ్ సబ్బుకన్నా చర్మానికి మేలు. పగుళ్ళుంటే మాత్రం మండుతుంది.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకొనే స్టెరాయిడ్ ట్యూబు నాలుగు రోజులు హాయిగానే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలుచబడుతుంది. చీము, వాపు, జ్వరం ఉన్నా, మచ్చలో స్పర్శ లేకపోయినా ఆలస్యం చేయకండి. షుగరు ఉన్నవారు చిన్న పగులుకే రండి. వచ్చేటప్పుడు మీరు వాడే సబ్బు కవరు, రాస్తున్న ట్యూబు వెంట తీసుకురండి.