కాకినాడ వర్తకులు రాసిన కథలు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి వ్యాపారం గొడవ యెందుకని పాఠకులు అడగవచ్చు. నిజమే. కాని అరవై యేళ్ళ కిందట మన గోదావరి సీమ వర్తకులకు జరిగిన ఒక శిక్షణలో కథలు రాయించటం ముఖ్యమైన భాగం. కథల సంగతి గనుక నాకూ అందులో కొంచెం హక్కు వున్నదనుకుంటాను.

అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో డేవిడ్ మెక్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వుండేవాడు. డబ్బూ, యంత్రాలూ సమకూర్చినంత మాత్రాన దేశం బాగుపడదనీ, చేసే పనిని నిన్నటికంటె బాగా చెయ్యాలన్న తపన మనుషుల్లో వుండాలనీ ఆయన వాదం. 1961లో దానిమీద ఒక పెద్ద గ్రంథమే రాశాడు. అయితే ఆ తపన చిన్ననాటినుంచీ వుండవలసిందేనా, నడివయసు వ్యాపారికి నేర్పటం సాధ్యమా? ఇది తేల్చుకోవటానికి యెన్నుకున్న ఊళ్ళు రెండు: కాకినాడ, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని వెల్లూరు. పోల్చి చూడటానికి, శిక్షణ యివ్వకుండా వుంచిన ఊరు రాజమండ్రి.

1964లో కాకినాడ వర్తకులు జట్లు జట్లుగా హైదరాబాదు వెళ్ళారు. మొత్తం 52 మంది. చిన్న పరిశ్రమల వారికోసం 1962లో అక్కడికి వచ్చిన శిక్షణ సంస్థ వారికి ఆతిథ్యమిచ్చింది. యూసఫ్‌గూడలో వేరే పేరుతో అది యిప్పటికీ వున్నది. శిక్షణ సుమారు పది రోజులు.

ఆ పది రోజుల్లో వారికి అప్పు యివ్వలేదు, యంత్రం యివ్వలేదు. ఒక బొమ్మ చూపించి కథ రాయమన్నారు. బొమ్మలో ఒక మనిషి బల్లముందు కూర్చుని వున్నాడనుకోండి. ఒకరి కథలో అతడు రోజులు బాగాలేవని నిట్టూరుస్తాడు. ఇంకొకరి కథలో రేపటి పనికి లెక్క వేసుకుంటాడు, యెక్కడ అడ్డు వస్తుందో, యెవరి సాయం అడగాలో ఆలోచిస్తాడు. ఈ రెండో రకం కథలు రాయటమే వారికి నేర్పారు. గురిచూసి రింగులు విసిరే ఆట ఆడించారు. మరీ దగ్గర నిలబడితే గెలుపుకు రుచి లేదు. మరీ దూరమైతే అంతా అదృష్టమే. కష్టపడితే అందే దూరం యెంచుకోవాలి. చివరకు యెవరి వ్యాపారానికి వారే గురి పెట్టుకున్నారు.

ఫలితాలు 1969లో పుస్తకంగా వచ్చాయి. రెండు ఊళ్ళలోనూ శిక్షణ పొందినవారిలో వ్యాపారాన్ని చురుగ్గా పెంచుకుంటున్నవారు అంతకు ముందు నూటికి 18 మంది. తరువాత రెండేళ్ళలో 51 మంది. శిక్షణ లేనివారిలో 22 మంది 25 అయ్యారు, అంతే. ఇంకొక సంగతి చూడండి. కులమూ, పంచెకట్టూ, పాత ఆచారాలూ యీ మార్పుకు అడ్డు రాలేదు. సంప్రదాయం వదిలితేగాని వ్యాపారం రాదన్న మాటకు కాకినాడ మంచి జవాబే చెప్పింది. తరువాత గుజరాతులో నడిచిన పారిశ్రామిక శిక్షణలకు యీ అనుభవం దారి చూపింది.

నన్ను బాగా ఆలోచింపజేసినది మాత్రం మరొకటి. దుకాణం పగ్గాలు స్వయంగా చేతిలో వున్నవారిలోనే శిక్షణ ఫలితం స్పష్టంగా కనిపించింది. నిర్ణయం ఇంకొకరి చేతిలో వున్నవాడు ఎన్ని మంచి కథలు రాసుకున్నా ఫలించలేదు.

ఈ సంగతి నా విద్యార్థుల యిళ్ళల్లో చూస్తూనే వున్నాను. కుర్రవాణ్ణి వేలు పోసి చదివిస్తారు, శిక్షణకు పంపుతారు. తిరిగి వచ్చి, "నాన్నగారూ, అరువు ఖాతాలు తగ్గిద్దాం, ఫలానా సరుకు తెప్పిద్దాం" అంటే, "నువ్వు పుట్టకముందునుంచీ చేస్తున్నాన్రా" అని జవాబు. గల్లాపెట్టె తాళం తండ్రిగారి మొలతాడునే వుంటుంది. ఆరు నెలలకు ఆ కుర్రవాడు హైదరాబాదులో యేదో ఉద్యోగం వెతుక్కుంటాడు. తండ్రి, "మావాడికి వ్యాపారం మీద ధ్యాస లేదండీ" అని వాపోతాడు.

పెద్దల అనుభవం తీసిపారెయ్యమని నేననను. వారు నిలబెట్టబట్టే దుకాణం నిలిచింది. మొత్తం తాళాలగుత్తి ఒక్కసారి యివ్వనక్కరలేదు. ఒక సరుకో, ఒక చిన్న శాఖో అప్పగించి, లాభనష్టాలు వాడివే అనండి. లెక్క యేడాదికొకసారి అడగండి. మధ్యలో వేలు పెట్టకండి. నష్టం వచ్చినా అది చదువుకు కట్టిన ఫీజుకంటె యెక్కువ కాకపోవచ్చు. కాకినాడ వర్తకులు కాగితంమీద రాసుకున్న కథ దుకాణంలో నడిచిందంటే, దాన్ని నడిపించే అధికారం వారికి వుండబట్టే. మన పిల్లలకూ అటువంటి కథ ఒకటి మనసులో వుండే వుంటుంది. దానికి దుకాణంలో కాస్త చోటు చూపించవలసినది మనమే.