ఫొటో స్టూడియోకు గది: అద్దె కంటే ముందు అడుగులు

హోసూరు, బాగేపల్లి, రాయగడ, సిరోంచ వంటి సరిహద్దు ఊళ్ళలో కెమెరా పని నేర్చిన యువకుడు సొంతంగా స్టూడియో పెట్టదలచినప్పుడు ఇంటి పెద్దలు మొదట అడిగేది అద్దె ఎంత అని. వేరుశనగ అమ్మిన సొమ్మో, ఆడపిల్ల పెళ్ళికని దాచిన సొమ్మో అడ్వాన్సు రూపంలో యజమాని చేతికి పోతుంది కనుక ఆ ప్రశ్న సహజమే. అయితే కెమెరా నచ్చకపోతే అమ్ముకోవచ్చు, లైట్లు మార్చుకోవచ్చు. గది పొట్టిదైతే గోడలను జరపడం ఎవరి తరమూ కాదు. అందువలన అద్దె సంగతి ఎత్తక ముందే గది లోపలి పొడవు కొలవడం మేలు.

లెక్క కష్టమైనది కాదు. ఆరడుగుల మనిషిని పాదాల నుండి తల వరకు, పైనా కిందా కొంత ఖాళీతో తీయాలంటే ఫొటోలో ఏడడుగుల ఎత్తు పట్టాలి. కొత్తవారు సాధారణంగా కొనే ఏపీఎస్-సీ సెన్సారు కెమెరాకు 50 మి.మీ. లెన్సు తగిలిస్తే మనిషికీ కెమెరాకూ మధ్య సుమారు 15 అడుగుల దూరం అవసరం. నీడ వెనుక తెరపై పడకుండా 4 అడుగులు, ఫొటోగ్రాఫరు నిలబడేందుకు 3 అడుగులు కలిపితే 22 అడుగులవుతుంది. 35 మి.మీ. లెన్సుతో ఆ దూరం పదిన్నర అడుగులకు తగ్గుతుంది; అప్పుడు 18 అడుగుల గదిలో పని నడుస్తుంది. అంతకంటే పొట్టి గదిలో ఇంకా వెడల్పు లెన్సు వాడవలసి వస్తుంది. అప్పుడు అంచున నిలబడినవారు లావుగా, దగ్గరగా ఉన్న ముఖం వికృతంగా కనిపిస్తాయి. సంబంధం కోసం ఫొటో తీయించుకోవడానికి వచ్చిన అమ్మాయికి అది చిన్న అన్యాయం కాదు.

బజారులో సులువుగా దొరికే పదడుగుల చదరపు కొట్టు పాస్‌పోర్టు సైజు ఫొటోలకు మాత్రమే సరిపోతుంది. వెడల్పు విషయానికొస్తే, పెద్ద కాగితపు తెర చుట్ట దాదాపు 9 అడుగులు ఉంటుంది. ఇరువైపులా లైటు స్టాండ్లకు చోటు కలిపితే 12 అడుగులు కావాలి. పైకప్పు 10 అడుగులకు తగ్గితే లైటును మనిషి తలకు పైగా ఎత్తలేరు. మధ్యలో ఫ్యాను వేలాడుతుంటే మరీ ఇబ్బంది. గోడ ఫ్యాను నయం.

గదిని ఉదయం ఒకసారి, సాయంత్రం నాలుగు గంటలకు మరొకసారి చూడాలి. పడమటి ముఖం షట్టరైతే సాయంత్రపు ఎండ లోపలికి వచ్చి లైట్ల వెలుగుతో కలిసి ముఖాలకు రెండు రంగులు పూస్తుంది. సరిహద్దు ఊళ్ళలో కొట్లకు ఆకుపచ్చ, గులాబీ సున్నాలు వేయడం ఇష్టం. ఆ రంగు చర్మంపై ప్రతిఫలిస్తుంది. తెలుపు గానీ బూడిద రంగు గానీ వేయించుకునే అనుమతి ముందే అడగాలి.

తాలూకా కార్యాలయం పక్కన కొట్టు దొరికితే అదృష్టమన్నది పాత మాట. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు పనులకు ఇప్పుడు ఫొటోను కార్యాలయంలోనే తీసుకుంటున్నారు. పాస్‌పోర్టుకైతే నాలుగేళ్ళలోపు పిల్లలకే విడిగా ఫొటో కావాలి. నేడు స్టూడియోను నిలబెడుతున్నవి బడి, కళాశాల దరఖాస్తులు, పసిపిల్లల ఫొటోలు, ఓణీల వేడుకలు, కాలం చేసిన పెద్దల చిరిగిన పటాలను బాగుచేసి పెద్దవి చేయడం. ఇవన్నీ కుటుంబాలతో వచ్చే పనులు. కనుక మెయిన్ రోడ్డు కంటే బస్టాండు నుండి నడిచి రాగల శుభ్రమైన వీధి, ముసలివారు ఎక్కనవసరం లేని మెట్లు, ఆడవారు నిశ్చింతగా చీర మార్చుకోగల గడియ ఉన్న చిన్న గది ముఖ్యం. మేడపైన అద్దె చౌక అని ఆశపడితే పెద్దవారిని పోగొట్టుకోవలసి వస్తుంది.

ఒప్పందం వద్దనే చాలామంది తడబడతారు. గడువు, నోటీసు గురించి రాతలో ఏమీ లేకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దె కొట్టును సాధారణంగా 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. తెరలకు, వైరింగుకు పెట్టిన ఖర్చు అప్పుడేమవుతుంది? ఏడాదికి మించిన అద్దె ఒప్పందం రిజిస్టరు కావాలి కనుకనే అందరూ 11 నెలలకు రాసుకుంటారు. స్టూడియో వంటి పనికి మూడేళ్ళ రిజిస్టర్డు ఒప్పందం ఖర్చైనా భద్రం. తమిళనాడులో 2019 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం హోసూరు వంటి పట్టణాల్లో అద్దె ఒప్పందాన్ని రెంట్ అథారిటీ వద్ద నమోదు చేయించాలి. వేరే ఒప్పుదల లేకపోతే అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదు. పత్రం కన్నడంలోనో తమిళంలోనో ఉంటే, ఆ లిపి చదవలేని తండ్రి చేత సంతకం పెట్టించక ముందు నమ్మకమైన వారితో అక్షరం అక్షరం చదివించాలి. అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, తాత్కాలిక గోడలు ఎవరివి అన్నవి తప్పక రాయించాలి. కరెంటు మీటరు గృహ వినియోగానిదైతే వ్యాపారానిదిగా మార్పించాలి; లేకుంటే విద్యుత్ చట్టం, 2003 కింద రెట్టింపు ధరతో లెక్క కడతారు.

బోర్డు సంగతి కూడా గదితో పాటే ఆలోచించాలి. కర్ణాటకలో 2024 సవరణ తరువాత బోర్డులో 60 శాతం కన్నడం, అదీ పై భాగాన, ఉండాలి. మహారాష్ట్రలో 2022 నుండి చిన్న కొట్లకు కూడా మరాఠీ తప్పనిసరి. ఆ అక్షరాలు ఇతర భాషల అక్షరాల కంటే చిన్నవి కారాదు. ఆపై మిగిలిన చోట తెలుగు రాసుకోవచ్చు. ఇరుకైన షట్టరుపై రెండు భాషలు పట్టేలా ముందే కొలుచుకోవడం మంచిది.

పొడవైన గది స్తోమతకు మించితే, పాస్‌పోర్టు సైజు ఫొటోలకు చిన్న కొట్టు తీసుకొని, నిలువెత్తు ఫొటోలను ఊళ్ళోని ఇంటి ఉత్తరపు పంచలో తీయవచ్చు. లైట్లు లేని రోజుల్లో స్టూడియోలవారు కోరి కట్టుకున్నది ఉత్తరపు వెలుగే. చలికాలంలో అక్కడికి ఎండ రాదు. వేసవిలో ఉదయం, సాయంత్రం కొద్దిసేపు ఏటవాలుగా పడినప్పుడు పల్చని తెల్లగుడ్డ అడ్డం కడితే చాలు.