ఆదివారము మీ చోటు ఖాళీగా ఉన్నదా?



"ఇంటిదగ్గరే ప్రార్థన చేసుకుంటున్నాం కదా అయ్యగారూ! ఫోనులో మంచి ప్రసంగాలు వింటున్నాం. గుడికి రాకపోతే దేవుడు వినడా?"

పిఠాపురము చుట్టుప్రక్కల పల్లెలలో గృహదర్శనములకు వెళ్ళినప్పుడు ఈ మాట తరచుగా వినబడుచున్నది. దేవుడు తప్పక వింటాడు. అయితే ఆరాధన అంటే వినిపించుకొనుట, వినుట మాత్రమేనా?

2020 మార్చి 22 ఆదివారము జనతా కర్ఫ్యూ. ఆ వారములోనే లాక్‌డౌన్ వచ్చి మందిరముల తలుపులు మూతపడినవి. ఏప్రిల్ 10న శుభ శుక్రవారము, 12న ఈస్టరు పండుగ ఇండ్లలోనే గడిచినవి. తెరచుకొనుటకు కేంద్ర ప్రభుత్వము అనుమతించినది జూన్ 8 నుండి. ఆ దినములలో ఫోను మనకు మేలే చేసినది. అందునుబట్టి దేవునికి స్తోత్రము. కాని రోగభయము పోయినను, ఇంట కూర్చునే అలవాటు కొందరికి మిగిలిపోయినది.

ఫోను చేయలేని పనులు మూడున్నవి.

1. మీరు రాలేదని అది గుర్తించదు

గుడిలో చాపమీద మీ చోటు ఖాళీగా ఉంటే ప్రక్కన కూర్చునే అమ్మ చూస్తుంది. "ఏం వదినా, కనబడలేదు, ఒంట్లో బాగాలేదా?" అని సాయంత్రము మీ గుమ్మములోనికి వస్తుంది. కూడుకొనుట మానవద్దన్న హెబ్రీ పత్రిక రచయిత, ఒకరినొకరు ప్రేమకును సత్కార్యములకును పురికొల్పుకొనవలెనని కూడ అక్కడనే చెప్పెను (10:24-25). ఒంటరిగా ఉన్నవాడు ఎవరిని పురికొల్పగలడు?

2. అది రొట్టె విరువదు

ఆరు దినములు ఒకరు గట్టుమీద నిలబడతారు, ఒకరు బురదలో వంగి నాట్లు వేస్తారు. ప్రభువు బల్లయొద్ద ఇద్దరును ఒకే రొట్టెలో పాలివారు (1 కొరింథీ 10:17). అక్కడ కూడ కలిసి కూర్చుండకపోతే మరెక్కడ కూర్చుంటారు?

3. అది సందేహించువాని చేయి పట్టుకొనదు

పునరుత్థాన దినమున తోమా శిష్యులతో లేడు. వారి సాక్ష్యము నమ్మలేదు. అయినను వారు అతనిని వెలివేయలేదు, అతడును రాక మానలేదు. ఎనిమిది దినములైన తరువాత అందరును కూడియున్నప్పుడే ప్రభువు అతనికి కనబడెను (యోహాను 20:24-29).

మన ప్రాంతపు సంఘచరిత్ర కూడ ఇదే చెప్పుచున్నది. 1874లో జాన్ మెక్లారిన్ దొరగారు కెనడా బాప్టిస్టుల పక్షమున కాకినాడ చేరకముందే, తంతి శాఖలో ఉద్యోగము విడిచిన థామస్ గాబ్రియేలుగారు అక్కడ విశ్వాసులను సమకూర్చుచుండిరి. పెద్ద భవనములు తరువాత వచ్చినవి. మొదట ఉన్నది కూడుకొన్న మనుష్యులే.

మంచాన పడినవారు, కదలలేని వృద్ధులు ఈ మాటకు నొచ్చుకొనవద్దు. వారియొద్దకు సంఘమే వెళ్ళవలెను. ఊడ్పుల కాలములో, కోతల కాలములో కూలి తప్పనివారు మీ కాపరితో చెప్పండి. తెల్లవారుజామున గాని, దీపాలవేళ గాని కూడుకొనవచ్చును. ఆసాములారా, ఆదివారము ఆ ఒక్క పూట మీ కూలివారిని విడిచిపెట్టండి. మీరును వారితో కలిసి రండి.

వచ్చే ఆదివారము ఆరాధన ముగియగానే తిన్నగా ఇంటికి వెళ్ళక, ఎవరి చోటు ఖాళీగా ఉన్నదో చూచి, వారి ఇంటిమీదుగా వెళ్ళండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.