మీకు తెలుసా? రంగు పూయని పచ్చ చెక్క

యూరప్ అడవుల్లో నేలరాలిన ఓక్ కొమ్మలను ఒక చిన్న శిలీంధ్రం నీలి ఆకుపచ్చగా మార్చేస్తుంది. 500 ఏళ్ల క్రితం కళాఖండాల్లో పొదిగిన అలాంటి చెక్కల్లో ఆ రంగు నేటికీ కనిపిస్తోంది!

• ఈ శిలీంధ్రం పేరు క్లోరోసిబోరియా. దీని పుట్టగొడుగులు కొన్ని మిల్లీమీటర్ల వెడల్పుండే పచ్చని గిన్నెల్లా ఉంటాయి, అరుదుగానే కంటపడతాయి. బెరడు ఊడిన కొమ్మను విరిస్తే మాత్రం లోపల నెమలిపింఛం రంగు కనిపిస్తుంది. ఓక్‌తో పాటు బీచ్, హేజెల్ కలపలోనూ ఇది పెరుగుతుంది. ఆ రంగుకు కారణం జైలిండీన్ అనే పదార్థం.

• 15వ శతాబ్దపు ఇటలీ కళాకారులు రంగురంగుల చెక్కముక్కలను పొదిగి గోడలపై బొమ్మలు తీర్చేవారు. ఆకుపచ్చ కావలసిన చోట ఈ చెక్కను వాడారు. గుబియో పట్టణంలోని రాజభవనం కోసం చేసిన అలాంటి గది ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్ పనివారు కూడా చెక్కపెట్టెల అలంకరణకు దీన్నే వాడారు.

• అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఎలక్ట్రానిక్ పరికరాల్లో సెమీకండక్టర్‌గా జైలిండీన్ పనికొస్తుందేమోనని పరిశోధించారు.

ఈ శిలీంధ్రానికి ఆధారం రాలిపడిన కలపే. అడవిలో పుల్లలు, దుంగలు కనిపిస్తే చెత్త అనుకుని ఏరేయకండి, అక్కడే ఉండనివ్వండి.