పెద్ద పలక కెమేరాయు నేల చరిత్రయు : గోరేబాళ పరిసరముల దృష్టితో ఒక పరిశీలనము

ఉపోద్ఘాతము

ఒక దేశపు రాజుల చరిత్రను తెలిసికొనుటకు శాసనములు, నాణెములు, కైఫీయతులు ఆధారములని అందరును అంగీకరింతురు. ఆ దేశపు నేల చరిత్రకు ఆధారములెవ్వి యను ప్రశ్న మాత్రము అరుదుగా అడుగబడుచున్నది. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న రాయచూరు అంతర్వేదియే ఇందుకు మంచి ఉదాహరణము. ఈ సీమలోని మస్కి యొద్ద 1915లో బయల్పడిన శిలాశాసనమున అశోకుని పేరు స్పష్టముగా చెక్కబడియుండెను. 'దేవానాంప్రియుడు' అను బిరుదు గల రాజు అశోకుడే యని దానివలన రుజువైనది. రెండువేల రెండువందల యేండ్లకు పూర్వపు పేరొకటి రాతిమీద నిలిచియున్నది. కాని ఆ రాతి ప్రక్కనున్న చేను నూరేండ్ల క్రిందట ఎట్లుండెనో ఏ శాసనమును చెప్పదు.

రాయచూరు జిల్లా సింధనూరు ప్రాంతమందలి గోరేబాళ ఈ అంతర్వేదిలోని గ్రామము. ఇది 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో నుండి, ఆ యేటి నవంబరు 1న నేటి కర్ణాటకలో చేరిన సీమ. ఇచటి నల్లరేగడి నేలలు పూర్వము వానమీద ఆధారపడి జొన్నను, ప్రత్తిని పండించెడివి. తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగెను. 1953లో కాలువలకు నీరు విడువబడెను. ఎడమగట్టు కాలువ సాగిన కొలది కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుండి తెలుగు రైతులు వచ్చి భూములు కొని, 'క్యాంపు'లను పేర నివాసము లేర్పరచుకొనిరి. రెండు తరములలో మెట్ట మాగాణి యయ్యెను, జొన్నచేలు వరిమళ్లయ్యెను. ఆ వెనుకటి నేలను కన్నులార చూచినవారు నానాట తగ్గిపోవుచున్నారు. వారి జ్ఞాపకము వారితోనే పోవును. అట్టి మార్పును నమ్మదగిన రీతిని నిలుపగల సాధనములలో పెద్ద ఫిల్ము కెమేరాతో తీసిన భూదృశ్య ఛాయాచిత్రము ముఖ్యమైనది. అది ఏల నమ్మదగినదో, ఎట్లు పనిచేయునో, ఈ నేలమీద దాని నెట్లు వినియోగింపవలెనో ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

పరికర స్వరూపము

పెద్ద ఫిల్ము కెమేరా చూచుటకు జటిలముగా తోచినను దాని నిర్మాణము మిక్కిలి సరళము. ముందు లెన్సును పట్టు పలక, వెనుక ఫిల్మును పట్టు చట్రము, ఈ రెంటి నడుమ హార్మోనియపు తిత్తివలె మడతలు గల నల్లని తిత్తి, క్రింద ఈ సర్వమును మోయు ముక్కాలిపీట - ఇంతియే. వెనుక చట్రమున మొదట గరుకు గాజుపలక యుండును. ఛాయాగ్రాహకుడు తలపై నల్లగుడ్డ కప్పుకొని ఆ గాజుమీద పడు బింబమును చూచును. ఆ బింబము తలక్రిందుగను, కుడియెడమలు తారుమారుగను కనబడును. అమరిక ముగిసిన తరువాత గాజుపలక స్థానమున ఫిల్ము పెట్టెను దూర్చి, దాని అడ్డుపలకను లాగి, లెన్సు తెరచి వెలుతురును లోనికి విడుచును. ఒక్కొక్క పెట్టెలో రెండువైపుల రెండు ఫిల్ము రేకులు మాత్రమే యుండును. వానిని కటిక చీకటిలో చేతి స్పర్శతోనే ఎక్కింపవలెను. ఫిల్ము అంచున గల గంటులను వ్రేలితో తడిమి మందు పూసిన వైపేదో తెలిసికొందురు.

ఈ రేకులు సాధారణముగా 4×5, 5×7, 8×10 అంగుళముల కొలతలలో దొరకును. చేతిలో పట్టుకొను చిన్న కెమేరా ఫిల్ముపై బింబము 24×36 మిల్లీమీటర్లు మాత్రమే. వైశాల్యమున 4×5 రేకు దానికి సుమారు 15 రెట్లు. 8×10 రేకు సుమారు 60 రెట్లు. ఈ లెక్కయందే అసలు సంగతి యున్నది. బింబము పెద్దదైన కొలది సూక్ష్మాంశములు హెచ్చుగా నిలుచును. దూరపు గట్టుమీది తుమ్మచెట్టు కొమ్మలు, చేని సరిహద్దు రాళ్లు, బావి మోట దిమ్మె - తీయువాడు ఆనాడు గమనింపనివి సైతము నెగటివులో చేరును. ముప్పదియేండ్ల తరువాత వేరొకరు భూతద్దముతో వెదకినప్పుడు అవి బయల్పడును. తీసినవాని ఉద్దేశమును మించిన సాక్ష్యమును ఇచ్చుటయే దీని విలువ.

పూర్వచరిత్ర

తొలికాలమున పలకలు పెద్దవిగా నుండుటకు కారణము వేరు. ఆనాడు చిన్న నెగటివునుండి పెద్ద చిత్రమును అచ్చువేయు వాడుక మిక్కిలి తక్కువ. నెగటివును కాగితముపై ఆనించి ఎండలో పెట్టి అచ్చుదీయుదురు. కనుక చిత్రమెంత కావలెనో నెగటివు నంతయే యుండవలెను. 1851లో రెండు పద్ధతులు వెలువడెను. ఫ్రెంచివాడగు గుస్తావ్ లె గ్రే మైనపు కాగితపు నెగటివు పద్ధతిని, ఆంగ్లేయుడగు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి గాజుపలక పద్ధతిని ప్రకటించిరి. తడిపలకపై చిత్రము స్పష్టముగా వచ్చును గాని, మందు ఆరకముందే చిత్రమును తీసి కడుగవలెను. దక్కను ఎండలో అది మిక్కిలి కష్టము. మైనపు కాగితమును కొన్నిదినములు ముందుగానే సిద్ధము చేసికొనవచ్చును. అందుచే ప్రయాణమునకును, వేడిమికిని అది అనుకూలమయ్యెను.

ఈ మైనపు కాగితముతోనే మద్రాసు సేనకు చెందిన అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లో విజయనగర శిథిలములను చిత్రించెను. తుంగభద్రకు ఆవలిగట్టున నున్న హంపిలో ఆయన తీసిన నెగటివులు సుమారు 60. ఒక్కొక్కటి సుమారు 16×18 అంగుళములు. విఠలాలయ ప్రాంగణమందలి రాతిరథమును నేడు చూచువారికి దాని శిరోభాగము బోసిగా కనబడును. గ్రీన్‌లా చిత్రమున దానిపై ఇటుకతో కట్టిన శిఖరమున్నది. ఆ శిఖరము తరువాత పోయెను. ఆ కాగితపు నెగటివు లేనిచో శిఖరపు రూపమును గూర్చి మాటలు మిగులునే గాని కంటికి కనబడు సాక్ష్యముండెడిది కాదు.

హైదరాబాదు సంస్థానమున ఈ విద్యను ఉచ్చస్థితికి తెచ్చినవాడు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో సర్ధనాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించెను. ఇందూరులో ఉద్యోగము చేయుచు ఛాయాచిత్రకళ నలవరచుకొనెను. తరువాత ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున చేరి, సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పెను. 1894లో నిజాము ఆయనకు 'ముసవ్విర్ జంగ్' బిరుదము నొసగెను. దర్బారులు, వేటలు, కోటలతో పాటు సంస్థానపు కరవు పనులను సైతము ఆయన చిత్రశాల చిత్రించినది. 1905లో ఆయన మరణించెను. ఆ చిత్రశాలకు చెందిన 2,800కు పైబడిన గాజుపలకలు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రపరుపబడియున్నవి.

చదునైన నేల, వంగు లెన్సు

కోటను గాని కొండను గాని చిత్రించుట ఒక రీతి. గోరేబాళ వంటి చదునైన నేలను చిత్రించుట వేరొక రీతి. ఇచట కంటిని నిలుపు శిఖరము లేదు. కాళ్లకడ బీటలువారిన రేగడి మొదలు దిగంతము వరకు ఒకే పలుకగా నేల పరచుకొనియుండును. దగ్గరి మట్టిపెళ్లకు దృష్టి కుదిర్చినచో దూరపు చెట్లు మసకబారును. దూరమునకు కుదిర్చినచో దగ్గరిది మసకబారును. లెన్సు రంధ్రమును ఎంత చిన్నది చేసినను ఈ చిక్కు పూర్తిగా తీరదు.

పెద్ద కెమేరా తిత్తి ఇచట ఉపకరించును. లెన్సు పలకను వెనుక చట్రముతో సంబంధము లేకుండ పైకి, క్రిందికి, ప్రక్కలకు జరుపవచ్చును; ముందునకు వంచవచ్చును. ఫిల్ము తలము, లెన్సు తలము ఒక రేఖవద్ద కలిసినచో, స్పష్టముగా కనబడు తలమును ఆ రేఖ గుండనే పోవును. ఆస్ట్రియా సైనికాధికారి తియొడార్ షైమ్‌ఫ్లూగ్ 1904 ప్రాంతమున ఈ సూత్రమును విశదీకరించుటచే ఇది ఆయన పేరనే పిలువబడుచున్నది. రైతు నేలమీద దీని ప్రయోజనము స్పష్టము. నేలనుండి ఒకటిన్నర మీటరు ఎత్తున కెమేరాను నిలిపి, ఫిల్ము చట్రమును నిట్టనిలువుగా నుంచి, 150 మిల్లీమీటర్ల లెన్సును ముందునకు సుమారు 6 డిగ్రీలు వంచి, దిగంతమునకు దృష్టి కుదిర్చినచో స్పష్టతలము నేలమీద చాపవలె పరచుకొనును. అపుడు పాదముల కడ మట్టియు, దూరపు కాలువ గట్టును ఏకకాలమున స్పష్టమగును. అయితే నేలనుండి ఎత్తుగా లేచిన చెట్టుకొనలు ఈ తలమునకు దూరమగును. వానికొరకు లెన్సు రంధ్రమును ఎఫ్ 22 లేక ఎఫ్ 32 వరకు తగ్గింపవలెను.

వెలుతురు, నల్లమట్టి

రంధ్రము తగ్గినకొలది కాలము పెరుగును. 100 వేగము గల ఫిల్మునకు నిండుటెండలో ఎఫ్ 16 వద్ద సెకండులో నూరవవంతు చాలును; ఎఫ్ 32 వద్ద ఇరువదియైదవ వంతు కావలెను. మేఘములు తేటపడుటకు పసుపుపచ్చ గాజును అడ్డుపెట్టినచో ఆ కాలము సుమారు రెట్టింపగును. అంతలో గాలికి వరిచేను కదలి అలుకుకొనిపోవును. కనుక గాలి నిలిచిన ప్రాతఃకాలమే ఈ పనికి తగినది.

నల్లరేగడి మరియొక చిక్కు పెట్టును. వెలుతురు కొలుచు మీటరు ప్రతి వస్తువును మధ్యస్థమగు బూడిదవన్నె దానిగా భావించును. రేగడిని కొలిచి మీటరు మాటను అట్లే పాటించినచో నల్లనేల బూడిదనేలగా అచ్చగును. అది అబద్ధపు సాక్ష్యము. అమెరికాలో ఆన్‌సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతమున ఏర్పరచిన మండల పద్ధతి ఇందుకు పరిష్కారము చూపినది. నలుపు మొదలు తెలుపు వరకు గల ఛాయలను మెట్లుగా విభజించి, నల్లమట్టిని మధ్యమునకు రెండు మెట్లు క్రింద నిలుపుదురు. అనగా మీటరు చెప్పినదానికి రెండు స్టాపులు తక్కువ వెలుతురు నిత్తురు. అపుడు మట్టి నల్లగనే యుండియు దాని బీటలు, గడ్డలు కనబడును. పగిలిన ప్రత్తికాయల తెలుపు మితిమీరినట్లు తోచినచో ఆ రేకును మాత్రము మందులో తక్కువసేపు కడుగుదురు. ఒక్కొక్క రేకును వేరువేరుగా కడుగు వీలుండుట పెద్ద ఫిల్మునకు గల విశేష సౌలభ్యము.

ఇవిగాక స్థానికమైన జాగ్రత్తలును కలవు. తడి రేగడిలో ముక్కాలిపీట దిగబడును. ఎండిన రేగడిలో దాని కాలు బీటలోనికి జారును. ప్రతి కాలి క్రింద చదునైన రాయి నుంచవలెను. ఫిల్ముపై పడిన దుమ్ము అచ్చులో నల్లచుక్కయగును. కనుక పెట్టెలను గుడ్డలో చుట్టి మోయవలెను. ఫిల్మును కడుగు మందునకు 20 డిగ్రీల వేడిమి తగినది. ఇచటి వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటును. అందుచే కడుగుపని చల్లనివేళ, మంచుగడ్డతో చల్లబరచిన నీటితో చేయవలెను.

మరల అదే చోటినుండి

ఒక చిత్రము ఒక దినమునకు సాక్షి. రెండు చిత్రములు ఒక కాలమునకు సాక్షులు. 1983లో ఆస్ట్రేలియా ఛాయాగ్రాహకుడు జాన్ గాలింగ్స్ హంపిలో గ్రీన్‌లా నిలిచిన స్థానములను వెదకి, అచటినుండియే మరల చిత్రములు తీసెను. 127 యేండ్ల ఎడముగల ఆ చిత్రములను ప్రక్క ప్రక్కన నుంచినచో ఏ మంటపమెంత మారినదో, ఎచట చెట్లు పెరిగినవో ఎవరికైనను బోధపడును. అమెరికాలో 1977 మొదలు 1979 వరకు మార్క్ క్లెట్ మున్నగువారు, ఆ దేశపు పడమటి సీమలలో వందయేండ్ల క్రిందట తీసిన చిత్రములను గూర్చి ఇట్లే చేసిరి. స్థానము, లెన్సు కొలత, ఋతువు, పగటివేళ - ఈ నాలుగును సరిపోలినప్పుడే పోలిక శాస్త్రీయమగును. నీడల పొడవును బట్టి పాతచిత్రము తీసిన వేళను సైతము వారు ఊహించుచుండిరి.

అంతర్వేదిలో ఇట్టి పనికి అడ్డంకి లేదు. కాలువ తూము, ఊరి గుడి మెట్టు, సరిహద్దురాయి వంటి కదలని గుర్తుకడ కెమేరాను నిలుపవలెను. ఎత్తు, దిక్కు, లెన్సు, తేది, గంట ఒక పుస్తకమున వ్రాయవలెను. వేసవి బీడు, నాట్లకాలము, కోతకాలము - ఏటికి మూడు రేకులు చాలును. పదియేండ్లకు ముప్పది రేకులగును. ఖర్చు గల పనియే యైనను అది ఒక సంఘము మోయలేని బరువు కాదు.

ఉపసంహారము

తీయుటకంటె దాచుట కష్టము. గాజుపలక పగులును, పాత నైట్రేటు ఫిల్ము అంటుకొని మండును, ఎసిటేటు ఫిల్ము వేడికి, తేమకు పులిసి ముడుచుకొనును. పాలియెస్టరు రేకుపై తీసి, ఆమ్లము లేని కాగితపు సంచులలో చల్లని పొడిచోట నిలువబెట్టి దాచినచో చిరకాలము నిలుచును. పాత స్టూడియోలు మూతపడినప్పుడు పెట్టెలలోని పలకలు పనికిరానివని పారవేయబడుచుండుట సామాన్యము. ఆ పలకలలో పెండ్లికుమారుని వెనుక కనబడు చేను, బావి, బాట - అవియే నేల చరిత్రకు మిగిలిన ఏకైక పుట కావచ్చును. కనుక క్రొత్త చిత్రములు తీయుటకు ముందు, సింధనూరు, రాయచూరు పరిసరములందలి తెలుగు, కన్నడ కుటుంబముల ఇండ్లలోను, పాత చిత్రశాలలలోను మిగిలియున్న నెగటివులను సేకరించి, ప్రతి దానిపై ఊరు, ఏడు వ్రాయుట మొదటి కర్తవ్యము. ఆ ఊరిని, ఆ ఏటిని చెప్పగల పెద్దలు ఉండగనే ఈ పని జరుగవలెను. వారి తరువాత ఆ నెగటివు ఏ నేలదో చెప్పువారుండరు.